పాత బండి లోపలికి కొత్త తొడుగు: వినైల్ ర్యాప్ ప్రాజెక్టు డైరీ

డిసెంబరు, మొదటి ఆదివారం

నాన్న బండి 2013 మోడల్ హ్యాచ్‌బ్యాక్. ఇంజను గట్టిగా ఉంది, ఏసీ బాగా పనిచేస్తోంది, విజయవాడ నుంచి హైదరాబాద్‌కి ఇప్పటికీ ఏ ఇబ్బందీ లేకుండా వెళ్లొస్తోంది. డోరు తీసి లోపల కూర్చుంటే మాత్రం వయసు తెలిసిపోతుంది. గేరు చుట్టూ ఉన్న వెండిరంగు ప్లేటు మీద పెయింటు పొలుసులుగా లేచింది. స్టీరియో ఫ్రేము అంచుల్లో వెండి పోయి అడుగున నలుపు తేలింది. పవర్ విండో స్విచ్చులుండే పలకల నిండా గోళ్ల గీతలు, ఉంగరం గీతలు, గాజుల గీతలు. కరోనా రోజుల్లో శానిటైజర్ తడి ఆరకముందే గేరు పట్టుకునేవాళ్లం, అది కూడా ఆ పెయింటుని ఇంకాస్త తినేసింది.

ఈ బండిని అమ్మే ఆలోచన ఇంట్లో ఎవరికీ లేదు. ఇంకో పదేళ్లు తిరగాల్సిన బండి లోపల అలా పొలుసులు రాలుతుంటే చూడబుద్ధి కావడం లేదు. పెయింటు వేయించవచ్చు, ఆటోనగర్‌లో బాగా చేయి తిరిగిన పెయింటర్లు ఉన్నారు. కానీ ప్లాస్టిక్ ప్రైమర్, రంగు, క్లియర్ కోటు, ఆరే టైము అన్నీ కలిపితే బండి అన్ని రోజులూ విప్పి పడి ఉండాలి. వినైల్ ర్యాప్, అంటే వెనక జిగురున్న పలచటి ప్లాస్టిక్ షీటుని తొడుగులా అంటించడం, అయితే ఇంట్లోనే ఒక్కో ముక్కా చేసుకోవచ్చు. నచ్చకపోతే వేడి చేసి ఒలిచేయవచ్చు, అడుగున ఉన్నది అలాగే ఉంటుంది. అందుకే దీనికే దిగాను.

ముందు తేల్చుకోవాల్సింది ఏ ముక్కకి అంటించాలి, ఏ ముక్క జోలికి వెళ్లకూడదు అన్నది. స్టీరియో ఫ్రేము విప్పి వెనక్కి తిప్పితే అక్షరాలు అచ్చుపోసి కనిపించాయి: ఏబీఎస్. బ్రేకుల ఏబీఎస్ కాదు, ఇదొక గట్టి ప్లాస్టిక్ పేరు. గేరు ప్లేటు వెనక పీసీ ప్లస్ ఏబీఎస్, అంటే పాలీకార్బొనేట్ కలిపిన ఏబీఎస్. డోరు కింది భాగం వెనక పీపీ ప్లస్ టీడీ 20, అంటే 20 శాతం టాల్క్ పౌడరు కలిపిన పాలీప్రొపిలీన్. దాదాపు ప్రతి ప్లాస్టిక్ ముక్క వెనకా ఈ గుర్తు ఉంటుంది, పని మొత్తం దాని మీదే ఆధారపడుతుంది. ఏబీఎస్ మీద జిగురు బాగా పరుచుకుని పట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ ఉపరితలం ఏ జిగురునీ దగ్గరికి రానివ్వదు. దాని మీద వేసిన షీటు మొదటిరోజు అందంగానే ఉంటుంది, ఎండాకాలం వచ్చేసరికి అంచు నుంచి లేస్తుంది.

రెండో అడ్డంకి గరుకుదనం. డాష్‌బోర్డు, డోరు ప్లాస్టిక్ మీద తోలులాంటి అచ్చు ఉంటుంది కదా, షీటు ఆ గరుకు శిఖరాల మీద మాత్రమే ఆనుతుంది, గుంటల్లోకి దిగదు. సగం కూడా అంటుకోని షీటు ఎన్నాళ్లు నిలుస్తుంది? కాబట్టి నున్నగా ఉన్న ఏబీఎస్ ముక్కలకే ర్యాప్: గేరు ప్లేటు, స్టీరియో ఫ్రేము, ఏసీ వెంట్ల చుట్టూ రింగులు, ముందు రెండు డోర్ల స్విచ్ పలకలు. గరుకు ప్లాస్టిక్‌కి సబ్బునీళ్లు చాలు.

స్టీరింగ్ మధ్య భాగం, గ్లోవ్ బాక్స్ పైన ఎయిర్‌బ్యాగ్ మూత, ఈ రెండిటినీ ముట్టుకోను. ఆ మూతలు లోపలి నుంచి పలచని గీత వెంట చిరిగి తెరుచుకునేలా తయారవుతాయి. దాని మీద సాగే షీటు వేస్తే తెరుచుకోవాల్సిన క్షణంలో ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. అందం కోసం అక్కడ షీటు వేసిన బండ్లు చూశాను. దయచేసి అలా చేయకండి.

డిసెంబరు, రెండో వారం

షీటు కోసం ఆటోనగర్‌లో రేడియం షాపుకి వెళ్లాను. బళ్ల మీద పేర్లు, దేవుడి బొమ్మలు కోసి అంటించే షాపుల్ని ఇక్కడ అందరూ రేడియం షాపులనే అంటారు. ఆయన ఒక నల్ల రోలు తీసి చూపించాడు.

"ఇదే ఆటోలకీ లారీలకీ వేస్తామండి. ఏళ్లు ఉంటుంది."

"చదునుగా ఉన్నచోట ఉంటుందండీ. ఇది చూడండి, ఇక్కడ ఎంత లోతుందో," అని ఫోనులో గేరు ప్లేటు ఫోటో చూపించాను.

ఆయన ఫోటో పెద్దది చేసి కాసేపు చూశాడు. "అమ్మో, దీనికి క్యాస్ట్ కావాలండి. ఇది వెనక్కి లాగేస్తుంది. ఈ పని మావాళ్లు కూడా అందరూ చెయ్యరు."

ఆయన చెప్పింది నిజం. మామూలు స్టిక్కర్ షీటుని క్యాలెండర్డ్ అంటారు. పీవీసీని వేడి రోలర్ల మధ్య నొక్కి, లాగి పలచన చేస్తారు. అలా లాగి చేసినది కాబట్టి మళ్లీ వేడి తగిలితే పాత కొలతకి కుంచించుకుపోవాలని చూస్తుంది. మందం సాధారణంగా 75 నుంచి 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). క్యాస్ట్ షీటుని లాగరు. పీవీసీని ద్రవంగా పలచగా పోసి ఓవెన్‌లో గట్టిపరుస్తారు. అందులో లాగుడు ఉండదు, మందం 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, వంపుల్లోకి మెత్తగా దిగుతుంది. కారు బయట ర్యాప్‌కి వాడే 3ఎం 2080, ఏవరీ డెన్నిసన్ సుప్రీమ్ వంటివి ఈ జాతివే. జిగురు వైపు కంటికి కనిపించనంత సన్నటి కాలువలు కూడా ఉంటాయి, గాలి వాటిలోంచి బయటికి పోతుంది.

క్యాస్ట్ షీటు ఐదడుగుల వెడల్పు రోలు నుంచి అడుగుల లెక్కన కోసి ఇస్తారు. ముదురు బూడిద రంగులో బ్రష్డ్ స్టీల్ ఫినిష్ తీసుకున్నాను. నిగనిగలాడే నలుపు ఫోటోల్లో బాగుంటుంది గానీ వేలిముద్రలన్నీ కనిపిస్తాయి, ఎండ పడితే ముందు అద్దంలో మెరుపు కొడుతుంది. బ్రష్డ్ ఫినిష్‌లో నాకు ఇంకో లాభం కూడా ఉంది. దాని మీద సన్నటి గీతలు ఒకే దిశలో ఉంటాయి. ఎక్కడైనా షీటుని ఎక్కువగా లాగితే ఆ గీతలు వంకర తిరిగి వెంటనే పట్టిచ్చేస్తాయి. ఒక్క జాగ్రత్త మాత్రం ఉండాలి: ముక్కలన్నీ రోలు మీద ఒకే దిశలో కోయాలి. లేదంటే గేరు ప్లేటు ఒక రంగులా, పక్కనే ఉన్న ఫ్రేము ఇంకో రంగులా కనిపిస్తాయి.

ఇంటికి తెచ్చాక నాన్న చేత్తో తడిమి చూసి, "పైన స్టిక్కరేగా, ఊడిపోదూ?" అన్నారు. మాటల్లో చెప్పేకంటే చూపిద్దామనుకున్నాను. షాపాయన్ని అడిగి ఆ మామూలు షీటు కూడా ఒక ముక్క తెచ్చుకున్నాను. పాత సామాన్లలో దొరికిన లోతైన ప్లాస్టిక్ ట్రే మీద ఒక పక్క అది, ఇంకో పక్క క్యాస్ట్ అంటించి, డాష్‌బోర్డు మీద పెట్టి బండిని ఎండలో ఉంచాను.

డిసెంబరు, క్రిస్మస్ తర్వాత

ట్రే తీసి చూశాం. మామూలు షీటు అంచు దగ్గర వెంట్రుకంత వెనక్కి జరిగి, జిగురు గీత బయటపడింది. ట్రే పల్లంలో అది డప్పు మీద తోలులా పైకి లేచి బిగుసుకుంది. క్యాస్ట్ వేసిన పక్క ఎక్కడి షీటు అక్కడే ఉంది. ఇది డిసెంబరు ఎండ. 2018లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటసేపు ఎండలో నిలిపిన కార్లను కొలిస్తే డాష్‌బోర్డులు సగటున 69 డిగ్రీలకు చేరాయి. మే నెలలో బెజవాడ ఎండ దానికి ఏ మాత్రం తీసిపోదు. నాన్న రెండు పక్కలూ గోటితో గీకి చూసి, "సరే, ఈ రెండోదే వెయ్యి," అన్నారు.

జనవరి, మొదటి శనివారం

విప్పుడు పని. బ్యాటరీ నెగెటివ్ తీసేసి మొదలుపెట్టాను. ఇనుప స్క్రూడ్రైవరు దూర్చి లేపితే పక్క ప్లాస్టిక్ మీద గాటు పడుతుంది, దాన్ని ఏ షీటూ కప్పదు. ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్ సెట్టు తక్కువ ధరకే దొరుకుతుంది, అది లేకుండా దిగవద్దు. పాత క్లిప్పులు కొన్ని విరగడం ఖాయం కాబట్టి అదే సైజువి ముందే గుప్పెడు తెచ్చిపెట్టుకున్నాను.

డోరు స్విచ్ పలక వెనక కొస నుంచి లేపితే వస్తుంది. కింద వైర్ల కనెక్టర్ నాలుకని నొక్కి లాగాలి, వైరు పట్టుకుని లాగకూడదు. స్టీరియో ఫ్రేము ఏసీ వెంట్ల దగ్గర గట్టిగా పట్టుకుంది, నాలుగు మూలలూ కొద్దికొద్దిగా వదులు చేస్తూ వస్తే వచ్చింది. స్క్రూలకి అమ్మ పాత ఇడ్లీ ప్లేటు ఇచ్చింది. ఒక్కో గుంటలో ఒక్కో ముక్క స్క్రూలు. ఇంతకంటే మంచి ట్రే ఏ షాపులోనూ దొరకదు.

జనవరి, రెండో వారం

ఈ వారమంతా శుభ్రం చేయడం, రుద్దడం. చూసేవాళ్లకి విసుగ్గా ఉంటుంది, కానీ షీటు నిలవడం నిలవకపోవడం ఇక్కడే తేలిపోతుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పదేళ్లుగా సర్వీసింగ్‌లో ప్రతిసారీ డాష్‌బోర్డు పాలిష్ కొట్టారు. వాటిలో చాలావాటిలో సిలికోన్ ఉంటుంది. మెరుపు కోసం వేసిన ఆ పొరే జిగురుకి మొదటి శత్రువు. పాత్రలు తోమే లిక్విడ్‌తో, గోరువెచ్చని నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో రెండుసార్లు కడిగాను. నీళ్లు పోసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. నీళ్లు ఒకే పొరగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు, ముత్యాల్లా విడిపోతే ఇంకా ఉన్నట్టు.

పెయింటు లేచిన చోట మెట్టులాంటి అంచు ఉంటుంది. షీటు మందం జిగురుతో కలిపి 90 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అంత పలచటిది అడుగున ఏ మెట్టునీ దాచదు. కాబట్టి 400 నంబరు వాటర్ పేపర్‌తో తడిగా రుద్ది, తర్వాత 600తో, వేలు పెడితే పెయింటుకీ ప్లాస్టిక్‌కీ తేడా తెలియనంతవరకు తీసుకొచ్చాను. కంటిని నమ్మొద్దు, వేలిని నమ్మండి. కళ్లు మూసుకుని తడిమితే ఎక్కడ మెట్టు మిగిలిందో దొరుకుతుంది. ఉంగరం గాట్లు లోతుగా ఉన్న చోట పెయింటర్లు వాడే పుట్టీ పలచగా రాసి, ఆరాక మళ్లీ రుద్దాను. వెండి పెయింటు మొత్తం తీసేయక్కర్లేదు. గట్టిగా పట్టుకుని ఉన్న పెయింటు మంచి పునాదే. ఒలుస్తున్నది మాత్రం మిగలకూడదు, ఎందుకంటే షీటు పెయింటుని పట్టుకుంటుంది, ఆ పెయింటు ప్లాస్టిక్‌ని వదిలేస్తే రెండూ కలిసి ఊడతాయి.

చివరి తుడుపుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఎలక్ట్రానిక్స్ స్పేర్ పార్టుల షాపుల్లో దొరుకుతుంది. మెడికల్ షాపు సర్జికల్ స్పిరిట్ వద్దు. బ్రిటిష్ ఫార్మకోపియా పద్ధతిలో చేసే దాంట్లో ఆముదం కలుస్తుంది, చర్మానికి మంచిదే, మనకి మాత్రం జిడ్డు వదులుతుంది. థిన్నరు అసలే వద్దు, ఏబీఎస్ కరిగిపోతుంది. ఒక గుడ్డతో తడిగా తుడిచి, ఆవిరయ్యేలోపే పొడి గుడ్డతో ఎత్తేయాలి. దానంతట అది ఆరిపోతే మురికి మళ్లీ అక్కడే కూర్చుంటుంది.

సంక్రాంతి సెలవులు

భోగి రోజు వీధంతా పొగ, బూడిద. ఆ రోజు షీటు తీయలేదు. మర్నాడు గది తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి మొదలుపెట్టాను. ఈ షీట్లు అంటించడానికి 16 నుంచి 32 డిగ్రీల మధ్య వేడి బాగుంటుంది. అంతకన్నా వేడిగా ఉంటే జిగురు తాకిన చోటే పట్టేసుకుంటుంది, జరపడానికి వీలుండదు. జనవరి పొద్దుట విజయవాడలో ఇంటి గది సరిగ్గా ఆ కొలతలో ఉంటుంది. ఈ పని వేసవిలో పెట్టుకోకపోవడానికి కారణం అదే.

ముందు సులువైనది, అంటే డోరు స్విచ్ పలక. ముక్క చుట్టూ రెండంగుళాలు ఎక్కువగా కోసి, వెనక కాగితం తీసి, లాగకుండా పైన పరిచి, మధ్య నుంచి అంచులకి ఫెల్ట్ అంచున్న స్క్వీజీతో (షీటుని నొక్కే చదునైన ప్లాస్టిక్ పలక) నొక్కుతూ వచ్చాను. చిన్న బుడగలు వేలితో నొక్కితే కాలువల్లోంచి పోయాయి. స్విచ్చుల రంధ్రం దగ్గర షీటుని మధ్యలో ఇంటూ ఆకారంలో కోసి, నాలుగు రెక్కల్నీ లోపలికి మడిచి, మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రం ఉంచి మిగతాది తీసేశాను. ఎక్కువ ఉంచితే స్విచ్ బటన్ రాసుకుని ఇరుక్కుంటుంది. ఏసీ రింగులకైతే లోపలి మడత అసలు పెట్టలేదు, వెంట్ తిరిగే చోట ఆ కాస్త సందు కూడా ఉండదు.

గేరు ప్లేటు అసలు పరీక్ష. దాని మధ్యలో లోతైన పల్లం, చుట్టూ గుండ్రటి అంచు. చాలామంది పై అంచుకి ముందు అంటించి, తర్వాత వేడి చేసి పల్లంలోకి బలవంతంగా నొక్కుతారు. అప్పుడు అడుగున ఉన్న షీటు అంతా లాగి పట్టినదే అవుతుంది, వేడెక్కిన ప్రతిసారీ పైకి లేవాలని చూస్తుంది. నేను దీన్ని తిరగేసి చేశాను. షీటుని వదులుగా పల్లంలోకి ముందు దింపి, అడుగున అంటించి, అక్కడి నుంచి గోడల మీదుగా పైకి, చివరికి బయటి అంచుకి వచ్చాను. మిగులు షీటంతా బయటికి చేరుతుంది, అక్కడ ముడతల్ని వేడితో సర్దడం తేలిక. ముడత పడితే కంగారుగా నొక్కొద్దు. షీటుని ఎత్తి, హీట్ గన్‌తో దూరం నుంచి వెచ్చచేస్తే క్యాస్ట్ షీటు తనంతట తాను సాపు అవుతుంది. ఇది చూసినప్పుడల్లా నాకు నిజంగా ఆనందం వేస్తుంది.

అంచుని వెనక్కి ఐదారు మిల్లీమీటర్లు మడిచాను. మూలల్లో మిగులుని చీల్చేటప్పుడు కోత ఎదుటి వైపుకి రాకుండా వెనకే ఆపాలి. బ్లేడు 30 డిగ్రీల కొస ఉన్నది, మొద్దుబారినట్టు అనిపించగానే కొస విరిచేస్తూ పోవాలి. మొద్దు బ్లేడు షీటుని కోయదు, చించుతుంది.

వెనక మడత కింద మాత్రం జిగురు పట్టుని పెంచే ద్రవం, 3ఎం ప్రైమర్ 94, పలచగా రాశాను, వరండాలోకి వెళ్లి. దాని వాసన ఘాటు, మూసిన గదిలో మంచిది కాదు. ఎదుటి వైపు రాయలేదు. ప్రైమర్ వేసిన చోట షీటు మళ్లీ శుభ్రంగా ఊడదు, రేపు ఒలవాల్సి వస్తే జిగురంతా ప్లాస్టిక్‌కే ఉండిపోతుంది.

ఆఖరి మెట్టు పోస్ట్ హీటింగ్. లాగి మడిచిన అంచుల్ని 95 డిగ్రీల పైకి వేడిచేస్తే షీటు పాత ఆకారాన్ని మరిచిపోతుంది. చిక్కేమిటంటే ఏబీఎస్ 105 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అంటే మనకున్న సందు పది డిగ్రీలే. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తూ, గన్ ఒకచోట ఆపకుండా, అంచు వెంటే నడిపించాను. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ దీనికి పనికిరాదు, అది ఒంటి జ్వరం దాటి కొలవదు. ఫ్యాక్టరీ పనులకి వాడే రకం కావాలి.

జనవరి చివర

జిగురు పూర్తి పట్టు రావడానికి ఒక రోజు వదిలి, తర్వాత బిగించాను. క్లిప్పులన్నీ కూర్చున్నాయి, స్విచ్చులు స్వేచ్ఛగా ఆడుతున్నాయి. గేరు ప్లేటు, స్టీరియో ఫ్రేము మీద గీతలు ఒకే దిశలో సాగుతున్నాయి. అమ్మ బండెక్కగానే "కొత్త సామాను వేయించావా?" అంది. నాన్న ఏమీ అనలేదు, గేరు ప్లేటు మీద చెయ్యి వేసి చుట్టూ తిప్పి తడిమారు, వెంటనే మంగళగిరి గుడికి బయల్దేరదీశారు.

ఒకరిద్దరు ఆర్టీఓ పర్మిషన్ అక్కర్లేదా అని అడిగారు. బండి బయటి రంగు మారితే ఆర్‌సీలో రాయించుకోవాలి. లోపలి ట్రిమ్‌కి ఆ పని లేదు.

మే, మూడో వారం

ఎండలు మండుతున్నాయి, బండి ఆఫీసు ముందు నీడ లేని చోటే నిలబడుతోంది. ముక్క ముక్కా టార్చి వేసి చూశాను. గేరు ప్లేటు పల్లం ఎక్కడా లేవలేదు. స్టీరియో ఫ్రేము, ఏసీ రింగులు బాగున్నాయి. డ్రైవర్ డోరు పలకలో, తలుపు లాగేటప్పుడు వేళ్లు దూర్చే చోట, అంచు బియ్యపుగింజంత లేచింది. అక్కడ రోజూ చెమట వేళ్లు పడతాయి, మధ్యాహ్నం ఎండ కూడా నేరుగా అక్కడే పడుతుంది. ప్యాసింజర్ వైపు అదే చోటు చెక్కుచెదరలేదు. లేచిన చోట ఆల్కహాల్‌తో తుడిచి, సన్నటి కుంచెతో ప్రైమర్ తాకించి, వేడి చేసి నొక్కాను. ప్రస్తుతానికి కూర్చుంది.

ఆ చోటు మళ్లీ లేస్తే మొత్తం పలక ఒలిచి, వేళ్లు పడే భాగాన్ని వదిలేసి, అక్కడితో ఆగే విధంగా షీటు కోస్తాను. చేతులు రోజూ గీరే అంచు మీద షీటు ఆపడం కన్నా ఆ అంచుకి ముందే ఆపడం మంచిదని ఇప్పుడు నా అభిప్రాయం. బండిని తుడవడానికి తడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు లోపల పాలిష్ కొట్టవద్దని జాబ్ కార్డు మీద రాయిస్తున్నాను. వెనక డోర్ల పలకలు వానలు పడి చల్లబడ్డాక మొదలుపెడతాను. మిగిలిన షీటుని మడవకుండా, ముఖం బయటికి ఉండేలా గొట్టానికి చుట్టి, బీరువా పక్కన నిలబెట్టాను. వాటికి కూడా ఇదే రోలు వాడాలి, మళ్లీ కొంటే రంగు కాస్త తేడా రావచ్చు.